ఎవరికి ఇవ్వకూడదో ముందు చెప్పు

మా పెద్ద సిస్టర్ పరీక్ష పెట్టే తీరే వేరు. దుర్గ్‌లో నర్సింగ్ చదువు ముగించి నేను భిలాయిలో ఈ ప్రసూతి ఆసుపత్రిలో చేరిన మొదటి వారం, ఒక చిన్న గాజు ఆంప్యూల్ నా అరచేతిలో పెట్టి "ఇదేంటి?" అనడిగింది. పేరు చదివాను. మెథర్జిన్. "ఎందుకిస్తాం?" కాన్పయ్యాక రక్తం ఆగడానికి అన్నాను. "ఎవరికి ఇవ్వకూడదు?"

పుస్తకంలో అది ఆఖరి వరస. టైము చాలక పరీక్ష ముందురోజు నేను వదిలేసిన వరస.

"మందు పేరు పక్కింటావిడకి కూడా తెలుస్తుంది పిల్లా. ఎవరికి ఇవ్వకూడదో తెలిసినదాన్నే నర్సంటారు. ముందు అది చెప్పు, తర్వాత సూది పట్టుకో" అంది.

ఆవిడ కాకినాడ వైపు నుంచి పెళ్ళయి భిలాయి వచ్చిన మనిషి. మెడలో సన్నటి గొలుసు, దానికి చిన్న సిలువ. పొద్దున్న డ్యూటీలోకి రాగానే మందుల బీరువా ముందు నిలబడి కళ్ళు మూసుకుని ఏదో అనుకునేది. ఆ తర్వాతే తాళం తీసేది. మేం తెలుగువాళ్ళం ఆవిడని సిస్టరమ్మ అనేవాళ్ళం. హిందీవాళ్ళకి బడీ దీదీ.

లేబర్ రూమ్ మందులన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆక్సిటోసిన్ ఫ్రిజ్‌లోనే ఉండాలి. బిడ్డ బయటికొచ్చాక తల్లి తొడకి పది యూనిట్లు. అదే మందుని బిడ్డ రాకముందు, నొప్పులు బేగి రావాలని కండకి పొడిస్తే గర్భసంచే చిరిగిపోవచ్చు. గుర్రపువాతానికి, అంటే బీపీ ఎక్కువై గర్భిణికి వచ్చే ఫిట్స్‌కి, ఇచ్చే మెగ్నీషియం అయితే, మోకాలి చిప్ప కింద తట్టి చూడాలి. కాలు ఎగరకపోతే తర్వాతి డోసు ఆగిపోవాలి. పుట్టిన బిడ్డకి విటమిన్ కె ఒక్క మిల్లీగ్రామ్, తొడ బయటివైపు. బిడ్డ సూది, తల్లి సూది ఒకే ట్రేలో పెడితే మాత్రం సిస్టరమ్మ చేతిలో మన పని అయిపోయినట్టే. బిడ్డ మందులకి వేరే స్టీలు పళ్ళెం పెట్టింది, ఇంటి నుంచి తెచ్చి. "తల్లికివ్వాల్సింది బిడ్డకిచ్చేస్తే దేవుడు కూడా వెనక్కి తియ్యలేడు" అనేది.

మెథర్జిన్ ఎవరికి ఇవ్వకూడదో ఆ వారంలోనే నేర్చుకున్నాను. బీపీ ఎక్కువున్నవాళ్ళకి, గుండెజబ్బు ఉన్నవాళ్ళకి. గర్భసంచితో పాటు ఒంట్లో రక్తనాళాల్ని కూడా బిగించేస్తుందది. ఉన్న బీపీ ఇంకా పైకెగిరితే మెదడులో నరం చిట్లవచ్చు. ఆరేళ్ళపాటు ఆ వరస నా నోట్లోనే ఉంది. దాంతో అవసరం పడింది మాత్రం ఒక్క మధ్యాహ్నమే.

మే నెల. కూలర్ తడి ఆరిపోయి వేడిగాలి కొడుతోంది. పొద్దున్న పదకొండింటికి దుర్గ్ అవతలి ఊరి నుంచి ఒక పిల్ల ఆటోలో వచ్చింది. పిల్లే, ఇరవై దాటి ఉండదు. మొదటి కాన్పు. భర్త స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు కూలీ, డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. వెంట వాళ్ళమ్మ ఉంది. గర్భిణి కార్డు మీద ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త బీపీని ఎర్ర పెన్నుతో రాసి చుట్టూ గీత గీసింది. మా డాక్టర్ మేడమ్ వచ్చి చూసి, బీపీ మాత్ర రాసి, కిందికి వెళ్ళిపోయింది. మేడమ్‌కి ఆ రోజు చేతినిండా పనే. రెండు సిజేరియన్లు, బయట నిండిపోయిన ఓపీ. అది నేను కాదనను.

రెండు కావస్తుండగా కాన్పయింది. ఆడపిల్ల. గట్టిగానే ఏడ్చింది. తల్లికి ఆక్సిటోసిన్ పది యూనిట్లు ఇచ్చాను. మాయ పూర్తిగా వచ్చింది, పరిచి చూశాను. బీపీ కూడా రెండుసార్లు చూశాను. బిడ్డని తుడిచి తల్లి గుండెల మీద పెట్టి, కాస్సేపాగి విటమిన్ కె సూది పట్టుకునేసరికి ఆ పిల్ల వాళ్ళమ్మ అడ్డం వచ్చింది.

"ఇప్పుడే కదా భూమ్మీద పడింది! అప్పుడే సూదేమిటి?" అని ఛత్తీస్‌గఢీలో కసిరింది.

"అమ్మా, పుట్టిన బిడ్డల ఒంట్లో రక్తం గడ్డకట్టే శక్తి తక్కువ. ఇది ఇస్తే లోపల రక్తం కారకుండా కాపాడుతుంది" అన్నాను హిందీలో. ఆవిడ నన్నూ సూదినీ ఒకసారి చూసి పక్కకి జరిగింది. బిడ్డ ఒక్క కేక పెట్టి ఊరుకుంది.

నేను తిరిగి తల్లి వైపు చూసేసరికి కింద పరిచిన గుడ్డ ఎర్రబడింది. పొట్ట మీద చెయ్యి వేశాను. కాన్పయ్యాక గర్భసంచి కొబ్బరికాయలా గట్టిగా చేతికి తగలాలి. ఇక్కడ మెత్తగా ఉంది, నానిన పిండిలాగ. రుద్దడం మొదలుపెట్టాను. "మేడమ్‌కి ఫోన్ చెయ్యి, స్పీకర్ పెట్టు" అన్నాను నాతో ఉన్న జూనియర్ నర్సుతో. మేడమ్ కింద థియేటర్లో సిజేరియన్ మధ్యలో ఉంది. అక్కడి నర్సు ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టింది.

మాటలన్నీ హిందీలో జరిగాయి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మేడమ్, రక్తం ఎక్కువ పోతోంది. గర్భసంచి మెత్తగా ఉంది. ఆక్సిటోసిన్ ఇచ్చాను."

"మెథర్జిన్ ఇచ్చెయ్."

"బీపీ నూట అరవైనాలుగు బై నూట పది మేడమ్. ఇప్పుడే చూశాను."

"ఒక్క డోసుకేం కాదు. ఇక్కడ పేషెంటు పొట్ట తెరిచి ఉంది, నీతో వాదించలేను. ఇచ్చెయ్ అన్నానా?"

"ఇవ్వను మేడమ్."

ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. చేతులు పొట్ట రుద్దుతూనే ఉన్నాయి. అవతల థియేటర్లో పరికరమేదో ట్రేలో పడిన చప్పుడు వినిపించింది.

"ఏమన్నావ్?"

"మెథర్జిన్ ఇవ్వను. గోడ మీద అంటించిన చార్టు ప్రకారం డ్రిప్‌లో ఆక్సిటోసిన్ పెడుతున్నాను, నాలిక కింద మిసోప్రోస్టాల్ పెడుతున్నాను. మీరు వీలైనంత బేగి రండి."

ఫోన్ కట్టయిపోయింది. తలెత్తి చూస్తే జూనియర్ చేతిలో అప్పటికే మెథర్జిన్ నిండిన సిరంజి. పాపం, మేడమ్ మాట వినగానే సిరంజిలోకి లాగేసింది. "దీదీ, మేడమ్ చెప్పారు కదా" అంది.

ఒక చెయ్యి పొట్ట మీదే ఉంచి రెండో చేత్తో ఆ సిరంజి తీసుకున్నాను. సూదుల డబ్బాలో పడేశాను. "ఇచ్చేది నేను. జవాబు చెప్పుకునేది నేను. నువ్వు డ్రిప్ పట్టు" అన్నాను.

తర్వాత నలభై నిమిషాలు ఎలా గడిచాయో ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. గొట్టం పెట్టి మూత్రం తీసేశాం. నాలుగు మాత్రలు నాలిక కింద పెట్టాను. డ్రిప్ పరుగెత్తించాను. ఆ మాత్రలకి పిల్లకి చలి పట్టుకుని మంచం ఊగిపోయేలా వణికింది. వాళ్ళమ్మ ఏడుపు మొదలెట్టింది. "మందు వల్లే అమ్మా, తగ్గిపోతుంది" అంటూనే రుద్దుతున్నాను. భుజాలు పట్టేశాయి. చివరికి అరచేతి కింద గర్భసంచి ముడుచుకోవడం తెలిసింది. మెల్లగా, మొండిగా, గట్టిపడింది. రక్తం ధార తగ్గి, చుక్కలై, మామూలుకొచ్చింది.

అప్పుడొచ్చింది మేడమ్. తలకి థియేటర్ టోపీ ఇంకా ఉంది. నా వైపు చూడలేదు. బీపీ పట్టీ తనే కట్టింది, తనే చూసింది. ఒక్క క్షణం ఆ అంకె ముందు ఆగింది. తర్వాత బీపీ తగ్గే ఇంజెక్షన్ రాసింది, మెగ్నీషియం రాసింది. అన్నీ సరిగ్గా రాసింది. మెథర్జిన్ ఊసెత్తలేదు. గుమ్మం దగ్గర మాత్రం ఆగి, అందరికీ వినపడేలా, "ఇక్కడ డాక్టర్ నువ్వా, నేనా?" అంది.

"మీరే మేడమ్" అన్నాను. నిజమే కదా. డాక్టర్ ఆమే. అందుకే ఆ సిరంజి ఆమె పేరు మీద పేషెంటు ఒంట్లోకి వెళ్ళకుండా ఆపాను.

డ్యూటీ దిగేముందు నర్సుల నోట్సు రాశాను. ఎన్నింటికి రక్తం మొదలైంది, బీపీ ఎంత, ఏమేమి ఇచ్చాను. అందులో ఒక వరస: మెథర్జిన్ ఇమ్మని ఫోన్ మీద ఆదేశం, బీపీ ఎక్కువగా ఉన్నందున ఇవ్వలేదు. సంతకం పెట్టి టైము వేశాను.

మర్నాడు మేనేజరు పిలిచాడు. మర్యాదగానే కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. ఖాళీ నోట్సు కాగితం ఒకటి నా ముందుకి తోశాడు.

"పేషెంటు బాగుంది, బిడ్డ బాగుంది. అందరికీ సంతోషం. ఈ ఒక్క వరస లేకుండా మళ్ళీ రాసివ్వండి సిస్టర్. పాతది తీసేస్తాం."

"ఎందుకు సర్?"

"ఫోన్లో ఎవరేమన్నారో కాగితం మీద అవసరమా?"

"కాగితం ఉన్నదే అందుకు కదా సర్."

ఆయన నవ్వాడు. చిన్నపిల్లని చూసి నవ్వినట్టు. "మీరు మంచి పనిమంతురాలు. అందుకే మర్యాదగా చెబుతున్నాను. ఆలోచించుకోండి."

టీ తాగకుండానే లేచి వచ్చేశాను.

నన్ను నిజంగా కోసింది అది కాదు. మధ్యాహ్నం సిస్టరమ్మ నన్ను గుడ్డలు మడిచే గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

"రాసిచ్చెయ్యవే పిల్లా. కాగితమే కదా, మందు కాదు కదా. పేషెంటు బతికింది. ఇంకేం కావాలి నీకు?"

"మీరే కదా సిస్టరమ్మా నేర్పింది?"

"ఇవ్వకూడదని నేర్పాను. ఇవ్వలేదు, శభాష్. దాన్ని రాసి గోడకెక్కించమని నేర్పానా?"

"రాయకపోతే రేపు ఇంకో పిల్ల ఇచ్చేస్తుంది."

ఆవిడ మడిచిన దుప్పటినే మళ్ళీ విప్పి మడిచింది. రిటైర్మెంటుకి ఇంకా ఏడాదే ఉంది ఆవిడకి. మోకాళ్ళ నొప్పులతో, గొడవ లేకుండా ఆ ఏడాది దాటెయ్యాలని చూస్తోంది. నాకు తెలుసు. అయినా జాలిపడాలనిపించలేదు. కోపం వచ్చింది. అంతదాకా నేను తలెత్తి చూసిన మనిషి నా ముందు తల దించుకోవడం భరించలేకపోయాను. "మీరు చెప్పినా రాయను" అని తలుపు తీసుకుని బయటికొచ్చేశాను.

ఇంటికొచ్చి అమ్మకి చెబితే నెత్తి కొట్టుకుంది. "డాకటరమ్మతో నీకేటే తగువు? ఉజ్జోగం పోతే ఏటి సేస్తావు?"

మా నాన్న స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర ముప్పై ఏళ్ళకి పైగా చేసి రిటైరైన మనిషి. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి పదిహేడేళ్ళప్పుడు రైలెక్కి భిలాయి వచ్చేశాడు. సెక్టర్ 2 క్వార్టర్లో నేను పుట్టాను. ప్లాంటు మోతలో ఆయనకి ఒక చెవి పోయింది, అందుకని వినపడే చెవి నా వైపు తిప్పి కూర్చుని మొత్తం విన్నాడు. ఒక్కటే అడిగాడు.

"ఆ బీపీ నువ్వు సూసి సెప్పినావా, ఎవులో సెప్తే ఇని సెప్పినావా?"

"నేనే చూశాను నాన్నా. రెండుసార్లు చూశాను."

"మరింకేటి? సూసింది రాసినావు. సూడనట్టు రాయమంటే ఎలగ రాస్తావు?" అని లేచి చెప్పులేసుకుని మార్కెట్‌కి వెళ్ళిపోయాడు.

మర్నాడు మేనేజరు గదిలో నిలబడే చెప్పాను. "రాయను సర్. పాత కాగితం తీసేస్తే, తీసేశారని కూడా రాస్తాను." ఆ మాటకి ఆయన నవ్వు ఆగిపోయింది.

ఉద్యోగం తియ్యలేదు. తీస్తే నేను ఎక్కడికెళ్ళి ఏం చెబుతానో అని భయపడ్డారేమో. లేబర్ రూమ్ నుంచి తీసేశారు. ఓపీ బయట టోకెన్లు పిలిచే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆరేళ్ళు కాన్పులు చేసిన దాన్ని, "పద్దెనిమిది నంబరు, లోపలికి వెళ్ళండి" అని అరుస్తూ కూర్చున్నాను. విసిగి నేనే మానేస్తానని వాళ్ళ లెక్క. నేను మానలేదు. ప్రతి సోమవారం ఉతికిన యూనిఫాం వేసుకుని మేనేజరు గుమ్మంలో నిలబడి, "లేబర్ రూమ్‌కి ఎప్పుడు పంపుతారు సర్?" అని అడిగేదాన్ని. మూడో సోమవారం నుంచి ఆయన నన్ను చూడగానే ఫోన్ ఎత్తుకునేవాడు, అవతల ఎవరూ లేకపోయినా. నేను ఆ ఫోన్ అయ్యేదాకా నిలబడి, అడిగి, వెళ్ళేదాన్ని.

నెలన్నర అయ్యాక ఆ పిల్ల బిడ్డకి టీకాలు వేయించడానికి వచ్చింది. వెంట భర్త కూడా ఉన్నాడు. "దీదీ, టీకాల లైను ఎక్కడ?" అని నన్నే అడిగింది. నన్ను గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడుతుంది, ఆ రోజు దానికి నా మొహం చూసే స్థితి ఎక్కడుంది? చూపించాను. బిడ్డకి బుగ్గలొచ్చాయి. చెప్పాలని నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పి ఏం సంపాదించుకోవాలి? ఆ పిల్ల తన కాళ్ళ మీద నడిచి, తన బిడ్డని తనే ఎత్తుకుని వెళుతోంది. చాలదూ? "పంతొమ్మిది నంబరు" అని అరిచాను, కొంచెం గట్టిగానే.

ఆ రోజుల్లోనే లేబర్ రూమ్‌లో ఇంకొకటి జరిగింది. నాకు జూనియర్ వచ్చి చెప్పింది. ఒక పొద్దున్న మందుల బీరువా తలుపు మీద చేత్తో రాసిన కాగితం కనపడిందట, పెద్ద పెద్ద హిందీ అక్షరాల్లో: మెథర్జిన్, బీపీ చూడకుండా ఇవ్వకూడదు, ఎవరు చెప్పినా సరే. మేనేజరు పీకించేశాడు. మర్నాడు మళ్ళీ ఉంది. మళ్ళీ పీకించాడు. మూడోసారి ఆ కాగితం మీద సిస్టరమ్మ తన పేరు, సంతకం పెట్టి అంటించింది. ఎవరూ ముట్టుకోలేదు. ఆ సాయంత్రం ఆవిడ నా బల్ల ముందునుంచి వెళుతూ ఆగి, "భోంచేశావా?" అనడిగింది. "చేశాను సిస్టరమ్మా" అన్నాను. అంతకుమించి మేమిద్దరం ఆ విషయం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నాలుగు నెలల తర్వాత ఇద్దరు నర్సులు ఒకేసారి మానేశారు. మేడమే స్వయంగా నా బల్ల దగ్గరికి వచ్చింది. "రేపట్నుంచి లేబర్ రూమ్‌కి రా."

"వస్తాను మేడమ్. ఫోన్లో మందు చెబితే నేను అదే మీకు తిరిగి పలికి వినిపిస్తాను, రాసుకుంటాను. మీరు పైకి రాగానే దాని కింద సంతకం పెట్టాలి. ఇచ్చినా, ఇవ్వకపోయినా."

"నాకు షరతులు పెడుతున్నావా?"

"మందుకి పెడుతున్నాను మేడమ్."

ఓపీలో జనమంతా చూస్తున్నారు. "రిజిస్టరు పెట్టుకో" అని వెళ్ళిపోయింది. క్షమాపణ ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పటికీ మా ఇద్దరికీ పెద్ద స్నేహం లేదు. కానీ ఆ రిజిస్టరులో ఆమె సంతకం లేని వరస ఇప్పటిదాకా లేదు.

ఇప్పుడు సిస్టరమ్మ రిటైరైపోయింది. కొత్త పిల్లలకి మందులు నేను నేర్పుతున్నాను. మొన్నీమధ్య ఒక కాన్పులో రక్తం ఆగలేదు. మేడమ్ పక్కనే ఉంది. కార్బోప్రోస్ట్ ఇమ్మంది. బీపీ మామూలుగానే ఉంది, నేను ఆంప్యూల్ విరిచి సిరంజిలోకి ఎక్కించాను. తొడ తుడుస్తుండగా ఒక చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. చేరి నెల కూడా కాని పిల్ల. తెలుగు పిల్లే కానీ తెలుగు సరిగా రాదు, హిందీలోనే అంది.

"దీదీ, ఆగండి. ఈమెకి ఉబ్బసం. పంపు పీలుస్తుందని వాళ్ళత్త ఇందాక చెప్పింది."

కార్బోప్రోస్ట్ ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. ఊపిరి బిగుసుకుపోతుంది. నాకది నిద్రలో అడిగినా తెలుసు. కానీ ఆ రోజు తొందరలో అడగలేదు, మేడమ్ కూడా అడగలేదు. ఒక్క క్షణం నాకు ఒళ్ళు మండింది. దాచుకోవడం దేనికి, నిజంగానే మండింది. చేరి నెల కాని పిల్ల, అందరి ముందూ, నా చెయ్యి పట్టుకోవడమా! మేడమ్‌కి ఆ మే నెల మధ్యాహ్నం ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది.

"చెయ్యి వదులు" అన్నాను.

"వదలను దీదీ, మీరు అది కింద పెట్టేదాకా" అంది. కళ్ళల్లో నీళ్ళున్నాయి. పట్టు మాత్రం సడలలేదు.

సిరంజి కింద పెట్టాను. మేడమ్‌కి చెప్పాను. ఆమె మందు మార్చింది, రక్తం ఆగింది. చేతులు కడుక్కుంటూ ఆ పిల్ల వైపు చూసి నన్నడిగింది, "ఇది కూడా నీలాగే తయారవుతోందా?"

"నాకు ఆరేళ్ళు పట్టింది మేడమ్. దీనికి నెల కూడా పట్టలేదు" అన్నాను. ఆ రోజు రిజిస్టరు ఆ పిల్ల చేతే రాయించాను. నేను ఏం ఇవ్వబోయానో, తను ఎందుకు ఆపిందో, ఒక్క మాట తగ్గకుండా. కింద మొదటి సంతకం నేనే పెట్టాను.